ఆ ఏడు రోజులు మన లీవులో ఎందుకు ఉండవు?

ఊళ్ళో ఎవరైనా 'ఎక్కడ పని?' అని అడిగితే మాల్దీవులు అని చెబుతాం. 'అబ్బో, సినిమావాళ్ళు వెళ్ళే చోటు కదా! అదృష్టవంతులు' అంటారు. మేం నవ్వి ఊరుకుంటాం. నిజమే, ఆ నీలం నీళ్ళు రోజూ చూస్తున్నాం. ఆ నీళ్ళ మీద నిలబడ్డ కాటేజీలు మా చేతుల మీదుగానే లేచాయి. వాటిలో మాత్రం ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. పడుకోలేదని ఏడవడానికి ఈ నాలుగు ముక్కలు రాయడం లేదు. మేడ కట్టిన మేస్త్రి ఆ మేడలో కాపురం ఉండడని చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. మేం చెప్పదలచుకున్నది వేరే సంగతి. అది గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములకూ, మలేసియాలో ఉన్నవాళ్ళకూ కూడా పనికొస్తుందనుకుంటున్నాం.

ముందు మా గురించి. మేం ఆరుగురం ఒకే గదిలో ఉంటాం. ఇద్దరు కోనసీమ, ఇద్దరు జగిత్యాల వైపు, ఒకరు కడప, ఒకరు శ్రీకాకుళం. డిప్లొమా చదివి సూపర్‌వైజర్లు అయినవాళ్ళం కొందరం, పనిలోనే పని నేర్చుకుని ఫోర్‌మన్లు అయినవాళ్ళు కొందరు. ఇక్కడికి రాకముందు దుబాయి, దోహా, మస్కట్ సైట్లలో ఎండకు మాడినవాళ్ళమే.

మాల్దీవుల్లో దాదాపు 1,200 దీవులున్నాయి. 1972లో కురుంబా అనే మొదటి రిసార్టు తెరిచారు. అప్పటి నుంచి ఇక్కడి పద్ధతి ఒకటే, ఒక దీవికి ఒక రిసార్టు. చుట్టూ సముద్రం తప్ప పక్క ఊరు ఉండదు, కొట్టు ఉండదు. సిమెంటు నుంచి మేకు దాకా పడవ మీద రావాల్సిందే. ఇసుక, కంకర కూడా బయటి నుంచే వస్తాయి. 2024-25 సంవత్సరానికి మన దేశం ఇక్కడికి 10 లక్షల టన్నుల నది ఇసుక, 10 లక్షల టన్నుల కంకర, 42 కోట్లకు పైగా కోడిగుడ్లు ఎగుమతి చేయడానికి అనుమతి ఇచ్చింది. అంటే టూరిస్టు తినే ఆమ్లెట్టులోనూ, అతను నిలబడ్డ కాంక్రీటులోనూ మన దేశం ఉందన్నమాట. చెట్ల వెనక, టూరిస్టుకు కనపడని చోట, జనరేటర్లూ, సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటూ రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. వాటి దగ్గరా మనలాంటి వాళ్ళే ఉంటారు.

ఇంత కష్టపడి కట్టేది దేనికి? ఒక మొగుడూ పెళ్ళాం వచ్చి వారం రోజులు ఉండి వెళ్ళడానికి. ఎక్కువమంది జంటలుగానే వస్తారు. మన వాళ్ళూ తక్కువేం కాదు. 2020 నుంచి 2023 దాకా ఇక్కడికి వచ్చిన టూరిస్టుల్లో మన దేశం వాళ్ళదే మొదటి స్థానం. 2024లో రెండు దేశాల మధ్య వచ్చిన మాటల గొడవ తర్వాత ఆ సంఖ్య తగ్గింది. ఆల్ ఇన్‌క్లూసివ్ అంటారు దీన్ని. ముందే డబ్బు కట్టేస్తే గది, మూడు పూటలా తిండి, తాగుడు, పడవ షికారు అన్నీ అందులోనే. ఒక్కోచోట ఒక్కో లెక్కనుకోండి. జేబులో చెయ్యి పెట్టే పని మాత్రం తక్కువ. పన్నులు వేరే. పెద్ద రిసార్టుల్లో 2025 జనవరి నుంచి గ్రీన్ ట్యాక్సే మనిషికి రోజుకు 12 డాలర్లు. ఇద్దరు ఏడు రాత్రులు ఉంటే ఆ ఒక్క పన్నే 168 డాలర్లు, మన డబ్బుల్లో పద్నాలుగు వేల పైమాటే. గది అద్దె సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఈ పద్ధతిని 1950లో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో క్లబ్ మెడ్ వాళ్ళు మొదలుపెట్టారు. అప్పుడు వేసినవి మేడలు కావు, గుడారాలు. ఈ సంగతి తెలిసిన రోజు మా గదిలో ఒకటే నవ్వులు. అలా చూస్తే మన లేబర్ క్యాంపు కూడా ఆల్ ఇన్‌క్లూసివే కదా! గది కంపెనీది, మెస్సు కంపెనీది, బస్సో పడవో కంపెనీది. ఏడాదికి మూడు వందల ముప్ఫై రోజులు అందులోనే. ఒక్కటే తేడా. ఆ ప్యాకేజీలో భార్యాభర్తలిద్దరూ ఉంటారు, మన ప్యాకేజీలో ఒక్కరే ఉంటారు.

కిందటేడు ఒక సంఘటన జరిగింది. కట్టడం అప్పగించాక ఏడాది పాటు వచ్చే రిపేర్లు కాంట్రాక్టరే చూడాలి కాబట్టి మాలో కొందరిని అక్కడే ఉంచారు. ఒక కాటేజీలో డెక్ చెక్క లేచిందని ఫోను వస్తే వెళ్ళాం. మేం మాట్లాడుకునేది విని ఆ గదిలో ఉన్నావిడ 'మీరు తెలుగువాళ్ళా అన్నా?' అంటూ బయటికి వచ్చింది. గుంటూరు దగ్గర వాళ్ళట. ఇద్దరూ ఉద్యోగస్తులు. పెళ్ళై పదకొండేళ్ళయిందట, పిల్లల్ని అమ్మగారి దగ్గర వదిలి వచ్చారట. 'సముద్రం సంగతి అలా ఉంచండన్నా, ఏడు రోజులు వంటింటి మొహం చూడలేదు, అదే నాకు మాల్దీవులు' అంది. ఆమె భర్త మాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. వచ్చేస్తుంటే ఆమె మామూలుగానే అడిగింది, 'వదినగార్లని ఒకసారైనా తీసుకొచ్చారా ఇక్కడికి?' అని. లేదమ్మా అన్నాం. అంతకంటే ఏం చెబుతాం? ఇక్కడిదాకా తీసుకురావడం మాట దేవుడెరుగు, సొంత మండలం దాటి ఎక్కడికైనా తీసుకెళ్ళామా అని ఆ రాత్రి గదిలో మాట వచ్చింది.

అప్పుడు లెక్క కట్టాం. సైటు డైరీ రాసే అలవాటు ఉంది కదా, కాగితం మీదే కట్టాం. మాలో ఒకాయనకు పెళ్ళై తొమ్మిదేళ్ళు. పెళ్ళప్పుడు రెండు నెలలు ఉన్నాడు. తర్వాత రెండేళ్ళకోసారి నలభై అయిదు రోజుల చొప్పున నాలుగు లీవులు. మొత్తం 240 రోజులు. తొమ్మిదేళ్ళ కాపురంలో కలిసి ఉన్నది ఎనిమిది నెలలు! ఆ 240 రోజుల్లో మీరిద్దరే ఉన్న రోజులెన్ని అని అడిగితే తల గోక్కున్నాడు. 'తిరుపతి వెళ్ళాం' అన్నాడు. ఎంతమంది వెళ్ళారంటే 'తుఫాన్ బండిలో పదకొండు మందిమి' అన్నాడు. నవ్వుకున్నాం గానీ మిగిలిన అయిదుగురి లెక్కా ఇంచుమించు అంతే వచ్చింది.

లీవు ఎలా గడుస్తుందో మీకు మేం చెప్పాలా? మొదటి మూడు రోజులు సూటుకేసు చుట్టూ జనం. ఎవరికి సెంటు, ఎవరికి చాక్లెట్, ఎవరికి ఏమీ రాలేదన్న అలకలు. తర్వాత పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, మనం లేనప్పుడు పోయినవాళ్ళ ఇళ్ళకు పలకరింపులు. స్లాబు పని ఉంటే ఇంట్లోనూ మనం సూపర్‌వైజరే. బ్యాంకు, రిజిస్ట్రేషన్ ఆఫీసు, నాన్నకు కంటి ఆపరేషన్. సాయంత్రం స్నేహితులు. మరి ఆవిడ? మనం వచ్చామని ఇంటికి వచ్చే పోయే వాళ్ళకు టీలు పెడుతూ, కోడికూర వండుతూ ఉంటుంది. మనకు లీవు, ఆమెకు ఓవర్ టైమ్. చివరి వారం వచ్చేసరికి ఇద్దరూ అలసిపోయి, ఏదో చిన్న మాట మీద పోట్లాడుకుని, ఎయిర్‌పోర్టు దగ్గర ఏడ్చుకుని విడిపోవడం. మళ్ళీ రెండేళ్ళు వీడియో కాల్.

ఆ కాల్‌లోనైనా ఏం మాట్లాడతాం? డబ్బు పడిందా, కరెంటు బిల్లు కట్టావా, పిల్లాడికి జ్వరం తగ్గిందా. అవి అవసరమే. కానీ పదేళ్ళు అవే మాట్లాడుకుంటే భార్యాభర్తలు మేనేజరూ క్యాషియరూ అయిపోతారు. రిటైరై ఇంటికి వెళ్ళినవాళ్ళను అడిగి చూడండి. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి పొడ ఒకరికి కొత్తగా ఉందని, మళ్ళీ వీసా దొరికితే బాగుండునని గల్ఫ్ దారి పట్టినవాళ్ళను మేం చూశాం. అప్పుల వల్ల మాత్రమే మనిషి తిరిగి వెళతాడనుకోకండి.

అందుకే మేం అనేది ఇది. ప్రతి లీవులోనూ ఏడు రోజులు భార్యాభర్తలిద్దరి కోసం పక్కన పెట్టాలి. ఏడు కాకపోతే నాలుగు. చిట్టీ కట్టినట్టు దానికీ నెలనెలా కొంత తీసి ఉంచాలి. ఆ నాలుగు రోజులు ఆవిడ పొయ్యి వెలిగించకూడదు, మనం బ్రోకర్లకూ మేస్త్రీలకూ ఫోన్లు చేయకూడదు.

దీనికి మాల్దీవులు రావాలని మేం చెప్పడం లేదు. నిజానికి వద్దనే చెబుతున్నాం. ఈ మధ్య అప్పు చేసి, నెలనెలా కంతులు కట్టుకుంటూ హనీమూన్‌కు వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. ఏడు రోజుల ఫోటోల కోసం రెండేళ్ళు కంతులు కట్టడం మనలాంటి వాళ్ళకు తగదు. ఈ రిసార్టు అమ్మేది సముద్రాన్ని కాదని మేం దగ్గరుండి చూశాం. ఇద్దరు మనుషులకు పనిలేని ఏడు రోజులు అమ్ముతారు, అంతే. ఆ సరుకు మన దగ్గర చవకగా దొరుకుతుంది. సూర్యలంకలో సముద్రం ఉంది. అరకుకు విశాఖ నుంచి రైలుంది. దిండిలో గోదారి ఒడ్డున కొబ్బరి చెట్ల మధ్య గదులున్నాయి. దీవే కావాలంటే ములుగు దగ్గర లక్నవరం చెరువులో వేలాడే వంతెన దాటి వెళితే దీవి మీద కాటేజీలున్నాయి.

'అమ్మానాన్నా ఏమనుకుంటారు?' అని చాలామంది అంటారు. మాకూ అదే భయం. పెద్దవాళ్ళను వదిలి పెళ్ళాన్ని వెంటేసుకుని తిరుగుతున్నాడని వీధిలో నాలుగు మాటలు వస్తాయి. రానివ్వండి. రెండేళ్ళు అత్తమామల్ని ఒంటిచేత్తో చూసుకున్నది ఆవిడే కదా. అమ్మకు ముందే, నెమ్మదిగా, మనమే చెప్పాలి. ఆ మాట ఆవిడ చేత చెప్పించి ఆమెను చెడ్డదాన్ని చేయకూడదు. పిల్లలు చిన్నవాళ్ళయితే వెంట తీసుకెళ్ళండి, తప్పులేదు. బావమరుదుల్నీ, స్నేహితుల్నీ మాత్రం వద్దు.

ఇంకో మాట లీవు గురించి. కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు యూఏఈ, కువైట్, ఒమన్‌లలో చట్టం ప్రకారం ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. మాల్దీవుల్లోనూ 2008 చట్టం ప్రకారం అంతే. సౌదీలో 21 రోజులు, అయిదేళ్ళు దాటితే 30. ఖతార్‌లో మూడు వారాలు, అయిదేళ్ళ తర్వాత నాలుగు. అయినా మనలో చాలామంది రెండేళ్ళకోసారే వెళతాం. కంపెనీ టికెట్ అప్పుడే ఇస్తుందని, వాడుకోని సెలవుకు డబ్బు వస్తుందని. అప్పులు నెత్తిన ఉన్నప్పుడు తప్పదు, కాదనం. అప్పు తీరాక కూడా అదే అలవాటైపోతే మాత్రం ఆలోచించాలి. ఒక టికెట్ సొంతంగా కొనుక్కుని మధ్యలో ఒకసారి వెళ్ళి రావడం దుబారా కాదు.

మేం చెప్పిన మాట మాలో ఒకరు చేసి చూశారు. జగిత్యాల ఆయన పోయిన లీవులో భార్యను లక్నవరం తీసుకెళ్ళాడు. మూడు రాత్రులు. మొదటి రోజు ఆమె 'మరి వంట ఎవరు చేస్తరు?' అని రెండుసార్లు అడిగిందట. ఎవరో ప్లేటు తెచ్చి ముందు పెడితే కూర్చోలేక లేచి నిలబడిందట. రెండో రోజు మాటల్లో ఒక నిజం బయటపడింది. ఆమె ఏడేళ్ళుగా వచ్చేపోయే వాళ్ళ చేత సీసాలు సీసాలు చింతకాయ తొక్కు పంపుతోంది. ఈయనకు అది మొదటి నుంచీ పడదు. ఫోనులో బాధపడుతుందని ప్రతిసారీ 'మస్తుంది' అని చెప్పేవాడు. 'మరి ఎవరు తిన్నరు ఇన్నేండ్లు?' అంటే 'రూములో వాళ్ళు' అన్నాడట. ఆమె అలిగి, తర్వాత పడీ పడీ నవ్వి, 'నీకేమి ఇష్టమో చెప్పు' అని మొదటిసారి అడిగిందట. ఆ సాయంత్రమంతా తిండి దగ్గర మొదలుపెట్టి చాలా సంగతులు మాట్లాడుకున్నామని చెప్పాడు. అవేమిటో మేం అడగలేదు.

ఈసారి ఊరి నుంచి సకినాలు వచ్చాయి. చింతకాయ తొక్కు రాలేదు. రూములో ఆ నష్టం మా అయిదుగురిదే. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా గుర్తొస్తూనే ఉంది, అయినా సంతోషంగానే భరిస్తున్నాం.