పీఎస్‌ఏకు చిక్కని ముప్పు
ప్రోస్టేట్‌లో అరుదైన కణితులు.. ముక్క పరీక్షే కీలకం

సిద్దిపేట: మూత్రధార సన్నబడితే వయసు మీద పడిందని సరిపెట్టుకోవడం పల్లెల్లో పరిపాటి. యాభై దాటిన వారిలో అత్యధికులకు అది ప్రోస్టేట్ గ్రంథి సహజ వాపే. కొందరిలో క్యాన్సర్ కావచ్చు. ఈ రెండింటికీ చెందని మూడో కోవ ఒకటున్నది. అవే సార్కోమాలు, స్ట్రోమల్ కణితులు. ప్రోస్టేట్ క్యాన్సర్లలో సార్కోమాల వాటా నూటికి ఒకటి కన్నా తక్కువ. అరుదు కావడమే రోగికి శాపమవుతున్నది. అనుమానం రాదు, వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

రక్తపరీక్ష ఎందుకు పట్టదు?
ప్రోస్టేట్‌లో ద్రవాన్ని స్రవించే కణాలు ఒక భాగం. వాటిని పట్టి ఉంచే కండర, పీచు కణజాలం రెండో భాగం. సాధారణ క్యాన్సర్ మొదటి భాగంలో పుడుతుంది. సార్కోమా రెండో భాగంలో పుడుతుంది. పీఎస్‌ఏను తయారుచేసేది మొదటి రకం కణాలే. అందువల్ల గడ్డ ఎంత పెరిగినా పీఎస్‌ఏ సాధారణంగానే ఉండవచ్చు. ‘రిపోర్టు బాగుంది’ అన్న ధీమాతో మాత్రలు మింగుతూ నెలలు గడిపేస్తే వ్యాధి ఊపిరితిత్తులకు పాకే ప్రమాదముంది.

వయసుతో పని లేదు
చిన్నపిల్లల్లో రాబ్డోమయోసార్కోమా, పెద్దల్లో లియోమయోసార్కోమా ఎక్కువగా కనిపిస్తాయి. పిల్లల్లో కీమోథెరపీకి, రేడియేషన్‌కు మంచి స్పందన ఉంటుంది. పెద్దల్లో గడ్డను పూర్తిగా తొలగించగలిగితేనే ఆశ. ‘స్టంప్’ అని పిలిచే మరో రకం కణితి పైకి మామూలు వాపులాగే ఉంటుంది. తీసినా మళ్లీ రావచ్చు, కొందరిలో సార్కోమాగా మారవచ్చు. యువకుల్లో మూత్రం ఆగిపోవడం, మూత్రంలో రక్తం, మలద్వారం వద్ద బరువు, నొప్పి కనిపిస్తే వయసు సమస్యగా కొట్టివేయరాదు.

హైదరాబాద్ మందు చెప్పే పాఠం
పురీషనాళం గోడలో పుట్టే ‘జిస్ట్’ అనే స్ట్రోమల్ కణితి సైతం ఒక్కోసారి ప్రోస్టేట్ గడ్డగా భ్రమింపజేస్తుంది. తేడా తెలిస్తే చికిత్సే మారిపోతుంది. దానికి ఇమాటినిబ్ మాత్ర ఉన్నది. గడ్డను కుదించి పెద్ద కోతను తగ్గించే అవకాశమున్నది. ఈ మందును విదేశీ సంస్థ గ్లివెక్ పేరిట నెలకు లక్ష రూపాయలకు పైబడిన ధరకు అమ్మింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో సంస్థ 2003లో అదే మందును వీనాట్ పేరిట చౌకగా తెచ్చింది. పేటెంటు వివాదంలో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలును తోసిపుచ్చడంతో చౌక మందుకు మార్గం నిలిచింది. మందు మన ముంగిట్లోనే ఉన్నా, గడ్డ పేరు సరిగ్గా తేలకపోతే దానివల్ల ఫలితం ఏమిటి?

చేయవలసిందేమిటి?
సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955లో నెలకొల్పిన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచింది. వసతులు ఉన్నా మొదటి మెట్టు వద్దే జాప్యం జరిగితే ప్రయోజనం శూన్యం. ప్రోస్టేట్ ఆపరేషన్‌లో తీసిన ముక్కలను ప్రతిసారీ కణజాల పరీక్షకు పంపాలి. అనుమానముంటే ఎంఆర్‌ఐ తీయాలి. కణాల రకాన్ని తేల్చే ప్రత్యేక రంగు పరీక్షలు చేయించాలి. ఇటువంటి ముక్కలను అనుభవమున్న రెండో నిపుణుడు చూడడం అవసరం. అందుకు రోగులు రిపోర్టుతోపాటు స్లైడ్లు, మైనపు దిమ్మెలను అడిగి తీసుకోవాలి.

రైతు కుటుంబంలో పెద్దదిక్కు మంచాన పడితే ఎద్దూ ఎవుసమూ ఆగిపోతాయి. వాపు ఆపరేషన్ అయిపోయిందని ఇంటికి వచ్చేముందు ‘తీసిన ముక్క ఏమైంది?’ అని అడగడానికి వెనుకాడరాదు. ఆ ప్రశ్న అడగవలసిన అవసరమే రాకుండా చూడవలసిన బాధ్యత వైద్య ఆరోగ్యశాఖపై ఉన్నది.