నాన్న వీడియోలో వణుకు

పాత వీడియోల్లో వణుకు తీసే సాఫ్ట్‌వేర్ ఏది మంచిదని ఈ మధ్య మా బంధువుల్లో ఇద్దరు ముగ్గురు అడిగారు. రెండు వారాలు దాంతోనే కుస్తీ పట్టాను కాబట్టి తెలిసింది చెబుతాను. కానీ ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు తీసుకోకూడదన్నదే నా అభిప్రాయం.

2004లో కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి ఏలూరు నుంచి మా పుట్టింటివాళ్ళందరం వెళ్ళాం. ఆపరేషన్ కొల్లేరు ఇంకా జరగలేదు, అది 2006 మాట. ఎటు చూసినా చేపల చెరువుల గట్లే. పడవలో కిక్కిస పక్కనుంచి పోతుంటే నాన్న హ్యాండీక్యామ్‌తో గూడబాతుల్ని తీశారు. అప్పటికే ఆయన చెయ్యి కొద్దిగా వణికేది, దానికి పడవ ఊపు తోడైంది. పన్నెండు నిమిషాల వీడియో, చూస్తే కళ్ళు తిరుగుతాయి.

“నాన్న సంవత్సరీకానికి అందరూ వస్తారు, టీవీలో వేద్దాం, కాస్త బాగు చేయించక్కా” అన్నాడు తమ్ముడు. తాడేపల్లిగూడెంలో ఒక స్టూడియోవాళ్ళు టేపుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చారు. మిగతాది నేనూ, ఇంటర్ చదివే మావాడూ.

ఫోన్లో తీసినవాటికైతే ఇంత తిప్పలు లేదు. గూగుల్ ఫొటోస్‌లో స్టెబిలైజ్ అని బొత్తం ఉంటుంది, నొక్కితే సరి. మా టేపు కోసం మావాడు డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ పెట్టాడు. మంచిదేగానీ మా పాత లాప్‌టాప్ దాన్ని మోయలేక చతికిలబడింది. చివరికి వర్చువల్‌డబ్, దానికి తగిలించే డీషేకర్ దిక్కయ్యాయి. రెండూ ఉచితమే. డీషేకర్ వీడియోని రెండుసార్లు చూస్తుంది. మొదటిసారి ఒక్కో బొమ్మ ముందుదానికన్నా ఎటు ఎంత జరిగిందో రాసుకుంటుంది, రెండోసారి అంత వెనక్కి జరుపుతుంది. పాత టేపుల్లో ఒక్కో బొమ్మ బేసి గీతలొకసారి, సరి గీతలొకసారి రెండు సగాలుగా ఉంటుంది. ఇంటర్‌లేస్డ్ అని ముందే చెప్పకపోతే పక్షుల రెక్కలు దువ్వెన పళ్ళలా వస్తాయి. మాకు ఒక పూట ఇలాగే పోయింది. పడవ ముక్కు తెరంతా ఆక్రమించిన చోట ఇంకో వింత. అది పడవే కదలనిదనుకుని గట్టుని ఊపేసింది!

అయినా మొత్తానికి అద్భుతంగా వచ్చింది. గూడబాతులు నీళ్ళ మీద కుదురుగా తేలుతున్నాయి. అమ్మని కూర్చోబెట్టి చూపించాం.

చివరిదాకా చూసి, “బానే ఉందిరా. మరి నేనేను?” అంది.

బొమ్మని జరిపితే అంచుల్లో నల్లటి ఖాళీలు వస్తాయి. అవి కనపడకుండా సాఫ్ట్‌వేర్ బొమ్మని పెద్దది చేసి చుట్టూ కోసేస్తుంది. నూటికి పది వంతులు పెంచినా దాదాపు ఆరో వంతు బొమ్మ పోతుంది. అమ్మకి కెమెరా అంటే సిగ్గు, తిప్పగానే కొంగు అడ్డం పెట్టుకునేది. అందుకని నాన్న పక్షుల్ని తీస్తున్నట్టు నటిస్తూ ఆవిణ్ణి ఓ మూలన ఉంచేవారట. అసలు టేపు మళ్ళీ చూస్తే నిజమే. పన్నెండు నిమిషాలూ కుడివైపు అంచున అమ్మ ఉంది. బఠాణీలు తింటూ, జడ సర్దుకుంటూ. మేం ఇన్నేళ్ళూ పక్షుల్నే చూశాం. డీషేకర్‌కీ పక్షులే ముఖ్యమనిపించింది, దాన్నేం అనగలం?

అందుకే చెప్పేది, అసలు ఫైలు మీద చెయ్యి వేయకండి, కాపీ మీదే చేయండి. డీషేకర్‌లో అంచుల కోసం జూమ్ చేయొద్దని పెట్టుకునే వీలుంది. ఖాళీల్ని ముందూ వెనకా బొమ్మలతో నింపమని కూడా అడగొచ్చు. మేం నింపమనలేదు, నల్లగానే వదిలేశాం. సరిదిద్దే మోతాదు కూడా బాగా తగ్గించాం. కళ్ళు తిరగవు, చెయ్యి మాత్రం కొంచెం వణుకుతూనే ఉంటుంది. నీట్‌గా లేదని అనేవాళ్ళు అంటారు. పెళ్ళి వీడియోలైతే నేనూ నీట్‌గానే కోరుకుంటాను, అక్కడ ఎవరు తీశారన్నది ఎవరికీ పట్టదు.

కొత్త కాపీ అమ్మ ఇప్పటికి నాలుగుసార్లు వేయించుకుంది. సంవత్సరీకం నాడు అదే వేస్తాం. నల్ల అంచుల సంగతి తమ్ముడికి ఇంకా చెప్పలేదు.