కొయనా నుంచి నల్లమల దాకా

కిందటి నెల మా పేజీ ఎందుకు రాలేదని మెట్ల మీద కనిపించిన వారంతా అడుగుతున్నారు. కారణము చెప్పుతాము. డిసెంబరులో ఆఫీసుకు తొమ్మిది దినాలు సెలవు పెట్టి, మా బామ్మర్ది పాత మారుతీ కారు అడిగి తీసుకొని, మేమూ మా ఇంటావిడా కొండలూ అడవులూ చూసుకుంటూ ఊరికి పోయి వచ్చినాము. రైలూ, పాలమూరు బస్సూ తప్ప ఇంకొక దారిన ఊరికి పోవడము మా ఇరవై రెండేండ్ల కాపురములో ఇదే మొదలు. సంగతి పొక్కగానే చాల్ అంతా సలహాలే. మూడో మాళా మామ ఒకాయన, ముప్పై ఏండ్లు టాక్సీ తోలినవాడు, "ఘాటు దిగేటప్పుడు బ్రేకును నమ్ముకోకు, గేరును నమ్ముకో" అన్నాడు. ఆ ఒక్క మాటే పనికి వచ్చినది. తక్కినవన్నీ తిండి సంగతులు.

నేషనల్ పార్కు అంటే మనవారికి తెలిసినది బోరివలీ ఒక్కటే. నగరము నడుమ సుమారు 100 చదరపు కిలోమీటర్ల అడవి, అందులో చిరుతపులులు, విహార్, తుళసీ చెరువులు, కాన్హేరీలో నూరుకు పైగా బౌద్ధ గుహలు. ఇంత దగ్గర ఉండి కూడా, మన గల్లీలలో అరవై ఏండ్లు బతికి కాన్హేరీ మెట్టు ఎక్కనివారిని పదిమందిని చూపగలము. ముందు అది చూచి, తరువాత మేము చెప్పేది చదివినా నష్టము లేదు.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి శివడీ దగ్గర అటల్ సేతు ఎక్కినాము. 2024 జనవరిలో తెరిచిన ఈ వంతెన పొడవు దాదాపు 22 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగము సముద్రము మీదనే. కారుకు ఒకవైపు సుంకము 250 రూపాయలు. "దీనితోని వారము కూరగాయలు వస్తుండె" అన్నది మా ఇంటావిడ. కాని చీకట్లో నీళ్ళ మీద వెనక్కి జరిగిపోతున్న బొంబాయి దీపాలను చూచిన తరువాత మళ్ళీ సుంకము మాట ఎత్తలేదు. పూనా దాటి, ఖంబాట్కీ ఘాటు ఎక్కి దిగి, సాతారా చేరినాము. అక్కడి కాస్ పీఠభూమి పూలకు పేరు పొందినది గాని, ఆ పూలు ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి దాకానే. మాకు ఎండుగడ్డి దర్శనమైనది.

మరునాడు కొయనానగర్. 103 మీటర్ల ఎత్తు ఆనకట్ట, దాని వెనుక కొండల సందులలో దూరిపోయిన శివసాగర్ జలాశయము. నీటిని పడమటి కొండల కింద సొరంగాల గుండా పోనిచ్చి కరెంటు తీస్తారు. ఇక్కడి కేంద్రాలన్నీ కలిపి 1,960 మెగావాట్లు. 1967 డిసెంబరు 11న తెల్లవారకముందే ఇక్కడ భూమి కంపించి సుమారు 180 మంది చనిపోయినారు. ఆనకట్ట మాత్రము నిలిచినది. దీని కింద మునిగిన ఊళ్ళవారిలో చాలామందిని ఠాణా, రాయగఢ్, షోలాపూరు జిల్లాలకు పంపినారు. కొండమీద వరి పండించేవానికి షోలాపూరు ఎండ ఎట్లా ఉండి ఉంటుందో, ఆ ఊరు ఎరిగిన మన పద్మశాలీ బంధువులను అడిగితే చెప్పగలరు.

కొయనాకు దక్షిణముగా చాందోలీ. 1985లో అభయారణ్యము, 2004లో నేషనల్ పార్కు. విస్తీర్ణము 317 చదరపు కిలోమీటర్లు. 2010లో కొయనా అడవితో కలిపి దీనిని సహ్యాద్రి పులుల అభయారణ్యముగా చేసినారు. దారి చూపే మనిషిని వెంటబెట్టుకొని లోపలికి పోయినాము. దట్టమైన చెట్ల నడుమ ఉండి ఉండి పచ్చిక మైదానాలు వస్తాయి. వాటిలో అడవిదున్నలు మేస్తున్నవి. ఒక్కొక్కటి మన మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకరంత ఉన్నదని మా ఇంటావిడ లెక్క. ఈ మైదానాలు ఇంత చదునుగా ఎట్లా వచ్చినవని మేము అడిగితే, ఆ మనిషి కొంతసేపు ఊరుకొని, "ఇవి మా వరి మళ్ళు సాహెబ్" అన్నాడు మరాఠీలో. అడవి కోసము ఖాళీ చేసిన ఊళ్ళలో ఒకటి ఆయనది. ఇంటి అరుగుల రాళ్ళు, ఒక తులసి కోట, కాపు కాసే మామిడిచెట్టు చూపినాడు. మామిడిపండ్లు ఇప్పుడు ఎలుగుబంట్లవి.

పులి మాత్రము కనబడలేదు. ఏండ్ల తరబడి ఇక్కడ పులి నిలకడగా ఉన్న జాడ లేదు. 2023 డిసెంబరులో ఒక మగపులి కెమెరాకు చిక్కినది. 2025 నవంబరులో తాడోబా అడవి నుంచి ఒక ఆడపులిని బండిలో ఎక్కించి ఇక్కడికి తెచ్చినారు. మహారాష్ట్రకు ఆ చివర నుంచి ఈ చివరకు! "అది గూడ మన తీరుగనే వలస వచ్చిందన్నట్టు" అన్నది మా ఇంటావిడ. దారి చూపే మనిషికి ఆ మాట మరాఠీలో చెప్పితే గట్టిగా నవ్వినాడు. తరువాత, "దానికి వచ్చిన దినమే ఇల్లు దొరికింది, మాకు ఏండ్లు పట్టింది" అన్నాడు.

అక్కడి నుంచి పండరీపురము, షోలాపూరు, హైదరాబాదు. ఈ మూడింటి గురించి మీకు మేము చెప్పవలసినది లేదు. రోడ్డు బాగున్నది, టీ బాగాలేదు.

నల్లమల చట్టప్రకారము నేషనల్ పార్కు కాదు, పులుల అభయారణ్యము. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలము పేరిట అభయారణ్యమై, 1983లో పులుల పథకములో చేరినది. రాష్ట్రము వేరుపడిన తరువాత మన వైపు భాగానికి అమ్రాబాద్ అని పేరు. నిజాము వేటకు వచ్చిన ఫరహాబాద్ అంచున నిలబడితే కింద లోయ అంతా అడవే. బొంబాయిలో ఉండి ఉండి, ఎదురుగా గోడ లేని చోట ఎటు చూడవలెనో మాకు కొంతసేపు తెలియలేదు. ఇక్కడ చెంచులు పెంటలు కట్టుకొని తేనె, బంక ఏరుకొని బతుకుతారు. లోపలి అడవిలోని సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి ఊళ్ళవారిని బయటికి రమ్మంటున్నారు. కుటుంబానికి 15 లక్షల పరిహారము. మన్ననూరు దగ్గర టీ తాగుతుంటే ఒక ముసలాయన, "పైసలు ఒడుస్తయి, అడివి ఒడ్వదు" అన్నాడు. పక్కనున్న పడుచువాడు మాత్రము తాను పోతానన్నాడు. బిడ్డకు బడి కావలెనట. ఇద్దరి మాటా కొట్టివేయలేకపోయినాము.

మా అత్తగారు బొంబాయిలో మా ఖోలీలోనే ఉంటారు. బయలుదేరేటప్పుడు ఆమె అడిగినది ఒక్కటే: "సోమశిల కాడ నీళ్ళు యాడిదాకున్నయో చూసి రాండ్రి." కొల్లాపురము అవతల ఆమె కాపురము చేసిన ఊరు శ్రీశైలము ఆనకట్ట నీళ్ళలో ఉన్నది. 1981లో నూరుకు పైగా ఊళ్ళను ఖాళీ చేయించినప్పుడు మా ఇంటావిడ చంకలోని పిల్ల. సోమశిలలో నీళ్ళు నిండుగా ఉన్నవి. గుడులను విప్పి పైన మళ్ళీ కట్టినారు, ఇండ్లను ఎవరు కట్టుతారు? బోటు నడిపే అతను రెండు గుట్టల నడుమ చెయ్యి చూపి, "గక్కడ" అన్నాడు. మా ఇంటావిడ ఆ నీళ్ళ వైపు చాలాసేపు చూచి, ఏమీ అనకుండా వచ్చి కారులో కూర్చున్నది.

షోలాపూరు దాటినాక నోరు విప్పినది. "చాందోలీ ఆయన్ను గాని, మా అమ్మను గాని, అడిగి లేపిన్రా, చెప్పి లేపిన్రా?"

చెప్పి లేపినారన్నాము. అడవి ఉండవలె, కరెంటు ఉండవలె, ఆ రెండూ లేకుంటే బొంబాయి లేదని కూడా అన్నాము. ఆమె కాదనలేదు. "మరి మన ఖోలీకి?" అన్నది. మన గల్లీల పునర్నిర్మాణము సంగతి ఇంటింటా నలుగుతున్నదే గదా. మనలను అడుగుతున్నారు, సంతకము కావాలంటున్నారు అన్నాము. "అయితే అడిగినప్పుడే అడగాలె. ఎన్ని అడుగుల ఇల్లు, ఎన్నేండ్లకు, అప్పటిదాక కిరాయి ఎవరిస్తరు, అన్నీ కాయితం మీద రాయమనుండ్రి. తర్వాత అరుగు రాళ్ళు చూపిచ్చుకుంట తిరుగుడేంది?" ఇరవై ఏండ్లుగా ఆఫీసులో కాగితాలు రాస్తున్న మాకు దీనికి జవాబు తోచలేదు. వచ్చిన తరువాత ఆ ప్రశ్నలు వరుసగా రాసి పెట్టినాము. మా మాళాలో ఏడు ఇండ్లవారు వాటి కింద తమ ప్రశ్నలు చేర్చినారు. కావలసినవారు వచ్చి నకలు తీసుకోవచ్చును.

పోదలచినవారికి: మొత్తము 2,100 కిలోమీటర్లు, పెట్రోలుకు సుమారు 13 వేలు. వానకాలములో ఈ అడవులలోకి రానీయరు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయము 6 దాకా మూస్తారు, శ్రీశైలము పోయేవారు లెక్క చూసుకొని బయలుదేరవలె. కారు కోసము మాత్రము మా బామ్మర్దిని ఏప్రిల్‌లో అడగవద్దు. ఎండలకు సోమశిల నీళ్ళు తగ్గుతాయట, మా అత్తగారు ఇప్పటికే మూట కట్టుకున్నారు.