క్రిస్మస్‌కి వచ్చిన తాతయ్య

డిసెంబరు మూడోవారం వచ్చేసరికి హైటెక్ సిటీ చుట్టుపక్కల మాల్స్ నిండా క్రిస్మస్ తాతలే. దూది గడ్డం, ఎర్ర టోపీ, చేతిలో చాక్లెట్ల సంచి. సరిగ్గా అదే సమయానికి అసలు తాతయ్యలు మియాపూర్‌లో బస్సు దిగుతుంటారు. సంచి వీళ్ల చేతిలోనూ ఉంటుంది. అందులో అరిసెలు, చక్రాలు, గులాబీ పువ్వులు, వాటి కింద బైబిలు, అట్ట ఊడిపోయిన పాటల పుస్తకం.

ఒకప్పుడు ప్రయాణం అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఉద్యోగాలకి వచ్చిన కుర్రాళ్లు పండక్కి ఊరెళ్లేవారు. వాళ్లకి పెళ్లిళ్లయ్యాయి, ఫ్లాట్లు కొనుక్కున్నారు, పిల్లలు పుట్టారు. ఇప్పుడు అడిగితే ‘సెలవు దొరకలేదు నాన్నా, మీరే రండి’ అంటున్నారు. అబద్ధం కాదు. అమెరికాలో క్రిస్మస్ సెలవులు కదా, ఇక్కడ తీరికే అనుకుంటాం. అక్కడ అందరూ సెలవు పెట్టిన రోజునే ఇక్కడ ఎవరో ఒకరు ఫోను దగ్గర పెట్టుకుని కూర్చోవాలి.

కొండాపూర్‌లో ఓ ఫ్లాట్ అనుకోండి. అబ్బాయిది ఒంగోలు, బాప్టిస్టు కుటుంబం. కోడలిది మెదక్, సీఎస్ఐ వాళ్లు. ఎనిమిదేళ్ల మనవడు, ఐదేళ్ల మనవరాలు. తాతయ్య, నానమ్మ దిగిన సాయంత్రమే అసలు ప్రశ్న వస్తుంది. ఏ చర్చికి?

మనవడికి ఇంగ్లిష్ ఆరాధన కావాలి. గిటారు, డ్రమ్స్, తెర మీద పాట. గంటంబావులో ఇంటికి. తాతయ్యకి తెలుగు ఆరాధన కావాలి. కీర్తన నంబరు చెప్పగానే సంఘమంతా లేచి నిలబడాలి. ప్రసంగం ఎంతసేపైనా ఫర్వాలేదు. అబ్బాయికి బండి పెట్టుకోవడానికి చోటుంటే ఏ చర్చయినా ఒకటే. కోడలు మెదక్ అంటుంది కానీ మెల్లగా అంటుంది. నానమ్మ మాత్రం, “అందరం ఒకే బల్ల మీద కూర్చుంటే చాలయ్యా” అని వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆవిడ మాటే నెగ్గుతుంది. ఇరవై ఐదున దగ్గర్లో ఇంగ్లిష్ ఆరాధన, మర్నాడు మెదక్. తెలంగాణలో ఇరవై ఆరున కూడా సెలవిస్తున్నారు కాబట్టి పిల్లలకి బడి గొడవ లేదు.

సరే, క్రిస్మస్ ఉదయం అందరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. మనవడు తెర చూసి గొంతెత్తి పాడుతున్నాడు. తాతయ్య చప్పట్లు కొడుతున్నాడు, పెదవులు మాత్రం కదలడం లేదు. ప్రార్థన మధ్యలో అబ్బాయి జేబులో ఫోను గుర్రుమంది. వరండాలోకి వెళ్లినవాడు ప్రసంగం అయ్యాకగానీ రాలేదు.

మధ్యాహ్నం బిర్యానీ అయ్యాక తాతయ్య తన పుస్తకం తీశాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. ఈ పుస్తకం చూడనివాళ్ల కోసం ఒక మాట. ఇందులో కీర్తన కీర్తనకీ పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటి భక్తకవులు రాసినవి. దొరలు తెచ్చిన మతాన్ని మన రాగాల్లో కూర్చోబెట్టింది వీళ్లే. పాతకాలపు పెద్దలకి వీటిని మొదటి మాటతో కాదు, నంబరుతో పిలవడం అలవాటు. నంబరు అంటే చాలు, పాట మొత్తం వచ్చేస్తుంది. మనవడికి అదో గారడీ. ఓ పది నంబర్లు అడిగి పరీక్షించాడు. తాతయ్య పదీ పాడాడు.

“నువ్వు చదువు నాన్నా” అని పుస్తకం చేతికిస్తే మాత్రం పిల్లవాడు ఒక్కో అక్షరం దగ్గరా ఆగాడు. వత్తుల దగ్గర పూర్తిగా ఆగిపోయాడు. బళ్లో తెలుగు ఉంది, మార్కులూ వస్తాయి. పాట చదివేంత తెలుగు మాత్రం కాదు.

ఇందులో ఎవరినీ తప్పు పట్టలేం. ఫీజులు కట్టి ఇంగ్లిష్ మీడియంలో వేసింది తాతయ్య కొడుకే. ఆ కొడుకుని ఇంగ్లిష్ మీడియంలో వేసింది తాతయ్యే.

ఆ రాత్రి బాల్కనీలో కాగితం నక్షత్రం వెలుగుతోంది. ఎదురు టవర్‌లో ఇంకెక్కడా లేదు. “మనదొక్కటే ఉంది తాతా” అంది మనవరాలు చిన్నబోయి. తాతయ్యకి కథ దొరికింది. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు మిషన్ పెట్టాక ఏళ్ల తరబడి పెద్దగా ఎవరూ చేరలేదు. మూసేద్దామా అని 1853లో అమెరికాలో పెద్ద చర్చే జరిగింది. మిషన్ల పటంలో నెల్లూరు ఒంటరి నక్షత్రంలా ఉందని ఎవరో అన్నారట. మూయలేదు. తెలుగు మిషన్‌కి ఆ పేరే నిలిచిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే కారు బయల్దేరింది. మెదక్ వంద కిలోమీటర్ల లోపే. దారిలో మనవడు మిగతా కథ అడిగాడు. తర్వాత ఎవరొచ్చారు?

తర్వాత క్లౌ దొర వచ్చాడు. 1866లో ఒంగోలు చేరాడు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకి తీసుకుని కూలి ఇచ్చాడు. అన్నం కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, కరువు పని జరిగినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని అయిపోయింది. జనం వెనక్కి పోలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

“అంతమంది ఏట్లోనా? ఎందుకు తాతా?”

“మనవాళ్లకి ఊరిబావిలో చేద వేసే హక్కు లేదు నాన్నా. మా తాతకి తండ్రి ఆ ఏట్లో దిగాడు.”

“బావి దగ్గరికి ఎందుకు రానివ్వలేదు?”

ముందు సీట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు ఏట్లో దిగినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కొండాపూర్ ఫ్లాట్లలో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. అద్దెకి ఇల్లు వెతుక్కునేటప్పుడు ఎత్తరు, ఆఫీసు క్యాంటీన్లో ఎత్తరు, పిల్లల దగ్గర అసలే ఎత్తరు. వాళ్లని ఆ బరువు నుంచి తప్పించాలని తల్లిదండ్రుల ఆశ. ఆ ఆశని కాదనడం కష్టం. కానీ బరువుతోపాటు ఏరు కూడా మరుగునపడుతోంది. తాతయ్య జంకలేదు. బావి సంగతి, కులం సంగతి, బడికి వెళ్లిన మొదటివాడి సంగతి నర్సాపూర్ అడవి దాటేదాకా చెప్పాడు. అబ్బాయి రేడియో కట్టేశాడు. అతనికీ ఇందులో సగం కొత్తే.

మెదక్ చర్చి దూరం నుంచే కనిపించింది. 175 అడుగుల గోపురం. లోపల ఐదువేల మంది పడతారు. ఇక్కడ మాట్లాడే వంతు కోడలిది. 1914లో పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. కట్టించింది చార్లెస్ వాకర్ పాస్నెట్. ఇదీ కరువుకాలపు కట్టడమే. పనిపెట్టి తిండిపెట్టడమన్న ఆలోచనతో లేచింది. “మీవైపూ కరువే, మావైపూ కరువే” అని వియ్యంకుల ఊరి మీద తాతయ్యకి గౌరవం కాస్త పెరిగింది.

లోపల మూడు పెద్ద అద్దాల కిటికీలు. యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. బయటి ఎండ పడితేనే ఆ రంగులు కనపడతాయి, చీకటి పడితే ఏమీ ఉండదు. మనవరాలు పశువుల తొట్టి బొమ్మ కింద నిలబడి కదలనంది. తొట్టి అంటే ఏమిటో అప్పుడు చెప్పాల్సి వచ్చింది. నానమ్మ తమ ఇంటి గేదె పేరుతో సహా చెప్పింది.

తిరుగు ప్రయాణంలో మనవడు వెనక సీట్లో పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏదో గీకుతున్నాడు. కోడలు వెనక్కి తిరిగి చూసి కంగారుపడింది. తెలుగు పాదాల కింద పెన్సిలుతో ఇంగ్లిష్ అక్షరాల్లో పాట రాస్తున్నాడు, తాతయ్య ఒక్కో మాటా పలికి చెబుతుంటే.

“మామయ్యగారూ, అలా రాసిస్తే వీడికి తెలుగు ఎప్పటికీ రాదు.”

“ముందు పాట రానీ అమ్మా” అన్నాడాయన. నలభై ఏళ్లుగా ఆ పుస్తకంలో గీత గీయనివ్వని మనిషి, మొన పోయిన పెన్సిలు తీసుకుని జేబులో బ్లేడు కోసం వెతుక్కుంటున్నాడు.