చప్పుడు ఎవరిది, ప్రశాంతత ఎవరిది?



హ్యాండ్‌పాన్ ఇప్పుడు యోగా తరగతుల్లో, ధ్యాన శిబిరాల్లో, రీల్స్‌లో తెగ వినబడుతోంది. రెండు ఉక్కు మూకుళ్లను అంచులు కలిపి అతికించినట్టు ఉంటుంది. ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడితే గంట మోగినట్టు స్వరాలు పలుకుతాయి. నాకూ ఆ నాదం ఇష్టమే. దాన్ని 'ప్రాచీన ధ్యాన వాద్యం' అని పరిచయం చేసేవాళ్లతోనే నా పేచీ. దాని వయసు పాతికేళ్లే. దాని తాతకు కూడా నూరేళ్లు నిండలేదు. ఆ తాత పుట్టింది ఆశ్రమంలో కాదు, పేదల వాడలో.

2000లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో ఫెలిక్స్ రోనర్, సబీనా షేరర్ అనే ఇద్దరు 'హాంగ్' అనే వాద్యాన్ని చేశారు. బెర్న్ యాసలో హాంగ్ అంటే చెయ్యి. అంతకు ముందు వాళ్ల పని ట్రినిడాడ్ స్టీల్‌పాన్ల తయారీ. మన ఘటంలాగా చేతులతో వాయించే ఉక్కు వాద్యం ఉంటే బాగుంటుందని ఒక వాద్యకారుడు అడగడంతో హాంగ్ ఆలోచన మొదలైంది. తర్వాత దాన్ని చూసి ఇతరులు చేసినవాటికి హ్యాండ్‌పాన్ అన్న పేరు స్థిరపడింది. అంటే దీనికి పూర్వీకులు ఇద్దరు: కుమ్మరి చేసిన కుండ, బానిసల మనవళ్లు శృతి చేసిన నూనె పీపా.

కుండ సంగతి మనకు తెలుసు. పీపా కథ వినండి. ట్రినిడాడ్ బ్రిటిష్ వలస. చెరకు తోటల బానిసత్వం నుంచి విముక్తులైన ఆఫ్రికన్లు కార్నివాల్ రోజుల్లో కాగడాలు పట్టుకుని, డోళ్లు మోగిస్తూ వీధుల్లోకి వచ్చేవాళ్లు. 1881లో పోలీసులు అడ్డుపడితే తిరగబడ్డారు. 1884లో సర్కారు చట్టం తెచ్చి ఆ డోళ్లను కట్టడి చేసింది. అదే ఏడాది అక్టోబరులో, మన దేశం నుంచి తోటల్లో కూలికి వెళ్లినవాళ్లు తాషాలు కొడుతూ తీసిన పీర్ల ఊరేగింపు మీద శాన్ ఫెర్నాండోలో కాల్పులు జరిగాయి. చప్పుడంటే పాలకులకు అంత భయం.

తోలు వద్దంటే వాళ్లు వెదురు పట్టారు. బొంగులను నేలకేసి కొట్టి తాళం వేశారు. 1930లలో బిస్కెట్ డబ్బాలు, పెయింట్ డబ్బాలు, చెత్తడబ్బాల మూతలు అందుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నూనె పీపాలు. పీపా అడుగును సుత్తితో లోతుగా సాగదీసి, ఒక్కో స్వరానికి ఒక్కో చోటు కట్టి, నిప్పు మీద కాల్చి, మళ్లీ కొట్టి శృతి చేశారు. విన్‌స్టన్ 'స్ప్రీ' సైమన్, ఎల్లీ మానెట్ లాంటి పేదింటి కుర్రాళ్లకు చెవే విశ్వవిద్యాలయం. పెద్దమనుషులు వాళ్లను రౌడీలన్నారు. 1951లో ఆ కుర్రాళ్లే లండన్ వెళ్లి ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో వాయించాక, సొంత ఊరి పెద్దలకూ ఆ సంగీతం మెల్లగా వినబడటం మొదలైంది. 1992లో స్టీల్‌పాన్ ఆ దేశపు జాతీయ వాద్యమైంది.

ఇంకో సంగతి. స్టీల్‌పాన్‌ను యంత్రంతో చేసే ఒక పద్ధతికి 2001లో ఇద్దరు అమెరికన్లకు పేటెంటు వచ్చింది. హాంగ్ రూపం మీద కాపీరైటు తగాదా బెర్న్ కోర్టుకెక్కింది. హాంగ్ చేసినవాళ్ల శ్రమను నేను కాదనను, స్టీల్‌పాన్ ఋణాన్ని వాళ్లూ దాచలేదు. కానీ పీపాను మొదట పలికించిన చేతులకు ఇలాంటి కాగితం ఒక్కటీ లేదు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. డప్పును కూడా మంట సెగకు కాచే శృతి చేస్తాం. అది ఊళ్లో చావు కబురు చెప్పింది, పండగకు ముందు నడిచింది, చివరికి వాయించినవాడితో పాటు ఊరి బయటే ఉండిపోయింది. దండోరా అన్న మాటనే 1994లో మాదిగలు తమ ఉద్యమానికి పేరుగా పెట్టుకుని తలెత్తుకున్నారు. అయినా మన కాలేజీల్లో ఏం జరుగుతోంది? హ్యాండ్‌పాన్ కళాకారుడికి ఏసీ ఆడిటోరియం, మైకు, కళ్లు మూసుకుని వినే ప్రేక్షకులు. డప్పు బృందానికి గేటు దగ్గర ఎండ. ముఖ్య అతిథి కారు దిగాక ఆయన ముందు నడుస్తూ కొట్టాలి, ఆయన లోపలికి వెళ్లాక ఆపాలి. ఒకటి 'ప్రశాంతత', ఇంకోటి 'చప్పుడు'.

"కళకు కులమేంటి సార్?" అని అడుగుతారు. నాదానికి కులం లేదు తమ్ముడూ, కుర్చీకి ఉంది.

హ్యాండ్‌పాన్ నేర్చుకోండి, వాయించండి. వేదిక మీద ట్రినిడాడ్ పేరు చెప్పండి. నిషేధం, సుత్తి, నిప్పు అన్నీ చెప్పండి. మీ కాలేజీలో తర్వాతి కార్యక్రమానికి డప్పు బృందాన్ని గేటు దగ్గర కాదు, లోపల వేదిక మీద కూర్చోబెట్టండి. తోలు బిగించినవాళ్ల పేర్లు కరపత్రంలో వేయండి. హ్యాండ్‌పాన్‌కు ఎంత డబ్బిచ్చారో డప్పుకూ అంతే ఇవ్వండి, అంతే నిశ్శబ్దంగా వినండి. కుదరదని మీ కమిటీ అంటే, ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పమనండి.

జై భీమ్.