ఊపిరికి లెక్క చెప్పువారెవరు?

హైదరాబాదు పౌరుడు నీటికి, దీపమునకు రొక్కము చెల్లించును; గాలికి ప్రాణమునే చెల్లించుచున్నాడు. ఇది అతిశయోక్తి కాదు. వాయుశాస్త్రజ్ఞులగు డాక్టరు శరత్ గుత్తికుండ ప్రభృతులు 2010వ సంవత్సరపు నగరవాయువును పరిశోధించి, సూక్ష్మధూళివలన ఏటేట సుమారు 3,700 అకాలమరణములు కలుగుచున్నవని అంచనా కట్టిరి.

మిల్లీమీటరులో నాలుగువందలవ వంతుకు మించని కణములను ముక్కు వడియగట్టజాలదు. అవి ఊపిరితిత్తులను దాటి రక్తమున జొచ్చును. మోటారుబండ్లు, రోడ్డుదుమ్ము, చెత్తమంటలు, కర్మాగారములు వీనికి పుట్టినిండ్లు. మధురానగరు మేడలోనివారు కిటికీ మూసికొందురు. కూడలిలోని పోలీసుకు, తోపుడుబండివానికి మూయుటకు కిటికీ యేది?

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ఈ ధూళికి విధించిన వార్షికపు హద్దు ఘనమీటరునకు 5 మైక్రోగ్రాములు. 2009లో మన ప్రభుత్వము విధించినది 40. భారతీయుని ఊపిరితిత్తులు ఎనిమిదింతలు గట్టివా?

2019నాటి జాతీయ శుద్ధవాయు ప్రణాళికలో మన నగరమును చేరినది. వీథులూడ్చుట మంచిదే, కాని పొగ పుట్టుచోటనే దాని నణచవలెను. చెత్త తగులబెట్టుట మాన్పవలెను, బస్సులు పెంచవలెను, పేటపేటకు గాలిలెక్క ప్రకటింపవలెను. శాస్త్రజ్ఞులు తమ పని చేసిరి. ఇక నడుగవలసినవారము మనము. బదులు చెప్పవలసినవారు పాలకులు.