పరిశోధక విద్యార్థికి కరువు భత్యం అక్కరలేదా?



మహానగరాలన్నింటిలో కోల్‌కతా చవక అట! ఫెలోషిప్ చాలడం లేదని పరిశోధక విద్యార్థి మొరపెట్టుకున్నప్పుడల్లా ఈ మాట చెప్పి నోరు మూయించేవారికి కొదవ లేదు. అయితే ఆ చవకను భరిస్తున్నదెవరు? కాలేజీ స్ట్రీట్ సందులలోని పైస్ హోటళ్లలో ఒకప్పుడు పైసలతో భోజనం దొరికేది. నేటికీ అక్కడ అరిటాకుకు విడిగా లెక్క కట్టే అలవాటు పోలేదు. అక్కడ విద్యార్థి కడుపు నింపుతున్నది వంటవాని చాలీచాలని కూలి. సియాల్దా నుంచి జాదవ్‌పూర్‌కు విద్యార్థిని రాయితీ సీజను టిక్కెట్టుపై చేరవేస్తున్నది మన రైల్వే సోదరుల శ్రమ. ప్రభుత్వం మాత్రం ఈ చవకను చూపి తన బాధ్యత దులిపేసుకుంటున్నది.

తిండి చవకే కావచ్చు. తల దాచుకునే చోటు మాటేమిటి? ప్రెసిడెన్సీ విద్యార్థుల ఈడెన్ హిందూ హాస్టలును మరమ్మతుల పేరిట 2015లో మూసివేశారు. మూడేళ్లు గడిచాక, 2018లో విద్యార్థులు ఆవరణలో బైఠాయించవలసి వచ్చింది. ఆ ఏడాది స్నాతకోత్సవాన్ని ఆవరణ వెలుపల, నందన్‌లో జరుపుకున్నారు. ఆ సంవత్సరమే జూలైలో కలకత్తా మెడికల్ కాలేజీ విద్యార్థులు హాస్టలు గదుల కోసం పధ్నాలుగు రోజులు నిరాహార దీక్ష చేశారు. చవక నగరంలో ఒక మంచం ధర పధ్నాలుగు రోజుల పస్తు!

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ బాధ కొత్త కాదు. అక్కడినుంచి హౌరాకు నూటపదిహేను కిలోమీటర్లు. గది అద్దె భరించలేని పిల్లవాడు లోకల్ రైలునే నమ్ముకోవాలి. రానూపోనూ దినంలో అయిదు గంటలు బోగీలోనే గడుస్తాయి. ప్రయోగశాలలో పని మధ్యలో ఉన్నా, చివరి రైలు అతనికోసం ఆగదు కదా!

ఇక అసలు సంగతి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2019 జనవరిలో 31,000 రూపాయలు అయింది. 2022 ముగిసేవరకు ఒక్క రూపాయి పెరగలేదు. అదే కాలంలో మన కరువు భత్యం 12 శాతం నుంచి 38 శాతానికి చేరింది. అదీ పద్దెనిమిది నెలలు మూడు వాయిదాలను ప్రభుత్వం స్తంభింపజేసిన తర్వాత! 2023 జనవరిలో ఫెలోషిప్ 37,000 అయింది. దానికి ఇంటి అద్దె భత్యం కలుస్తుంది గాని, కరువు భత్యం వర్తించదని నిబంధనలోనే వ్రాసి ఉన్నది. బియ్యం ధర, నూనె ధర పరిశోధకునికి వేరుగా ఉంటాయా?

నెట్ పరీక్ష ద్వారా ఫెలోషిప్ దక్కనివారి గతి ఇంకా హీనం. వారికి నెలకు 8,000 అని 2012లో నిర్ణయించారు. 2015 అక్టోబరులో దానినీ రద్దు చేయబూనితే, విద్యార్థులు ఢిల్లీలో యు.జి.సి. కార్యాలయం ముట్టడించి నిలబెట్టుకున్నారు. కాని అది కేంద్ర విశ్వవిద్యాలయాలకే పరిమితం. కలకత్తా, జాదవ్‌పూర్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలు గనుక అక్కడివారికి ఆ పథకం వర్తించదు.

"వారు విద్యార్థులు, ఉద్యోగులు కారు, వారి గొడవ మనకెందుకు?" అని మనలోనే కొందరు అంటున్నారు. తపాలా సోదరులారా, ఈ వాదన ఎక్కడో విన్నట్లు లేదా? ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు ప్రభుత్వోద్యోగులు కారని ఇలాగే దబాయించారు. వారివి సివిల్ పోస్టులేనని 1977లో సుప్రీంకోర్టు తేల్చవలసి వచ్చింది. గ్రామీణ డాక్ సేవకులను నేటికీ రెగ్యులర్ ఉద్యోగులుగా అంగీకరించని ప్రభుత్వం కూడా వారి భత్యంపై కరువు భత్యం చెల్లిస్తున్నది. పరిశోధకునికి ఎందుకు చెల్లించదు? హాజరు అడిగేటప్పుడు ఉద్యోగి, కరువు భత్యం అడిగేటప్పుడు విద్యార్థి! ఈ రెండు నాల్కల ధోరణిని మనం మొదటినుంచీ ఎరుగుదుము.

1960 జూలైలో అయిదు రోజులు, 1974 మేలో ఇరవై రోజులు సమ్మె చేసిన వారి వారసులం మనం. అవసరాధారిత వేతనం, కరువు భత్యం అన్న మాటలకు అర్థం చెప్పినది ఆ పోరాటాలే. ఆ ఫలితం మన జీతపు చీటీతోనే ఆగిపోవాలా?

2025లో ఎనిమిదవ వేతన సంఘం ఏర్పడింది. దానికి సమర్పించే విజ్ఞప్తులలో పరిశోధక ఫెలోషిప్‌లను ధరల సూచికతో ముడిపెట్టాలన్న కోరిక చేర్చాలి. తన పరిధిలోనిది కాదని సంఘం త్రోసిపుచ్చవచ్చు. అప్పుడు అదే కోరికను విద్యా మంత్రిత్వ శాఖకు పంపుదాం. హౌరా, సియాల్దా, ఖరగ్‌పూర్ శాఖలు ముందుగా తీర్మానం చేసి, పరిశోధక విద్యార్థుల సంఘాలను తమ సమావేశాలకు ఆహ్వానించాలి.